తిరుమల కొండ పాదాన ఒక పగలు

పీలేరు నుండి తిరుపతికి పోయే బస్సు భాకరాపేట ఘాటు దిగేసరికి బాగా వెలుతురు వచ్చింది. ఎడమచేతి వైపు శేషాచలం కొండలు ఎర్రటి రాతిగోడలా నిలిచి ఉన్నాయి. చంద్రగిరి దాటిన తరువాత ఆ గోడ మరీ దగ్గరకు జరిగినట్లు తోస్తుంది. బస్సులోని సగంమంది ఆ కొండకే పోతున్నారు. మేము ముగ్గురం మాత్రం కొండ కిందనే ఆగవలసినవారం: మేము, మా ఇంటివారు, మా వీధిలో ఉండే ఒక వితంతు సోదరి. ఆమెకు 46 ఏళ్ళు. మదనపల్లెలో ఒక స్థితిమంతుల ముస్లిం కుటుంబంలో ఇద్దరు పసిపిల్లలను చూసుకునే ఆయాగా నాలుగేళ్ళుగా పనిచేస్తున్నది. ఆ కుటుంబం ఉమ్రాకు వెళ్ళ సంకల్పించి, పిల్లల కోసం ఆమెను వెంట తీసుకొని పోదలచింది. అందుకే తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రానికి ఈ ప్రయాణం.

బయలుదేరడానికి రెండు రోజుల ముందు ఆమె మా ఇంటికి వచ్చి గడప దగ్గరే నిలబడి అడిగింది: “మౌలానా సాబ్, పాస్‌పోర్టుకైన డబ్బు నెలనెలా నా జీతంలో పట్టుకుంటామన్నారు. వద్దంటే గునాహ్ అవుతుందా? అల్లాహ్ ఇంటికి తీసుకుపోతున్నారు కదా!”

వెంటనే జవాబు చెప్పలేకపోయాము. కిరాయి ఒప్పందాల అధ్యాయాన్ని ఏళ్ళ తరబడి విద్యార్థులకు బోధిస్తున్నవాళ్ళమే. అయినా ఆ ప్రశ్న గడపలో నిలబడి అడిగినప్పుడు దాని బరువు వేరుగా ఉన్నది.

తిరుపతి బస్టాండులో దిగేసరికి మా సమయానికి ఇంకా రెండు గంటల వ్యవధి ఉన్నది. తిరుమలకు పోయే సప్తగిరి బస్సుల వద్ద జనం కిక్కిరిసి ఉన్నారు. మా ఎదుటి బల్లపై ఒక పెద్ద కుటుంబం కూర్చున్నది. ఇంటి యజమానురాలు ఆధార్ కార్డులు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ, “ఆయా, నీది తెచ్చుకున్నావా?” అని కేక వేసింది. పిల్లవాణ్ణి చంకనెత్తుకున్న ఆయా కొంగుముడిలో నుండి ప్లాస్టిక్ కవరు తీసి చూపింది. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి 12 ఏళ్ళ లోపు పిల్లలకు టికెట్టు అక్కరలేదు. ఆ పిల్లవాణ్ణి మోసే ఆయాకు మాత్రం కావాలి. బిడ్డ ఉచితంగా పోతాడు, బిడ్డను ఎత్తుకున్న చేతులకు 300 రూపాయలు! ఆ రుసుము ఎవరు కట్టారో మేము అడగలేదు, అడగడం మర్యాద కూడా కాదు.

మా సోదరి మాత్రం అటే చూస్తూ మా ఇంటివారితో మెల్లగా అన్నది: “ఆపా, నేనూ ఇట్లాగే వచ్చేదాన్ని.” ఇంతకు ముందు ఆమె ఒక హైందవ కుటుంబంలో పనిచేసిందట. వారు ఏటా తిరుమలకు వచ్చేవారు. వారు కొండపైకి వెళ్ళినంతసేపు ఈమె తిరుపతిలోని బసలో పసిబిడ్డతో ఉండేది. బస్సు చార్జీ, భోజనం వారిదే. ఆ రెండు రోజులకు రెట్టింపు కూలి కూడా చేతిలో పెట్టేవారు. “ఎప్పుడూ అడిగింది లేదు, వాళ్ళే ఇచ్చేవాళ్ళు” అన్నది. ఆ మాట మాకు ముల్లులా గుచ్చుకున్నది.

గుచ్చుకోవడానికి వేరే కారణం కూడా ఉన్నది. దాచుకోకుండా చెబుతాము. పన్నెండేళ్ళ క్రితం మేము వైద్యం కోసం వేలూరుకు వెళ్ళాము. చంటివాడైన మా మనుమణ్ణి చూసుకోవడానికి మా ఇంట్లో పనిచేసే అమ్మాయిని వెంట తీసుకుపోయాము. తిరిగి వచ్చాక ఆమె జీతంలో బస్సు చార్జీ పట్టుకున్నాము. ఊళ్ళో లేని మూడు రోజులూ ఇల్లు ఊడ్వలేదు కదా అని ఆ మూడు రోజుల కూలి కూడా తగ్గించాము. ఆ అమ్మాయి నోరెత్తలేదు. మూడు రాత్రులూ పిల్లవాణ్ణి నిద్రపుచ్చింది ఆమేనన్న సంగతి అప్పుడు మాకు గుర్తుకు రాలేదు.

పాఠకులు ‘ఖుదూరీ’, ‘హిదాయా’ గ్రంథాల పేర్లు విని ఉంటారు. హనఫీ మద్రసాలలో ఇవి తప్పనిసరి పాఠ్యగ్రంథాలు. హిదాయా కర్త ఇమామ్ మర్గీనానీ క్రీ.శ. 1197లో పరమపదించారు. వాటిలో ఒక మసాలా ఉన్నది. ఆనాటి సమాజాన్నిబట్టి అది బానిసను సేవకు కిరాయికి తీసుకోవడం గూర్చినది. అలా తీసుకున్నవాడు ముందుగా షరతు పెట్టుకుంటే తప్ప అతణ్ణి ప్రయాణానికి తీసుకుపోరాదు. ప్రయాణంలో చేసే సేవ ఇంటి సేవకంటే కష్టతరమైనదని ధర్మవేత్తలు దానికి కారణం చూపారు. అంటే ప్రయాణం పాత ఒప్పందంలో భాగం కాదు, దానికి వేరే ఒప్పుదల కావాలి. పాలిచ్చే దాది గూర్చిన చర్చ కూడా అదే అధ్యాయంలో వస్తుంది. బిడ్డకు రాసే నూనె ఖర్చు ఎవరిది అన్నంత చిన్న విషయాన్ని కూడా మన పెద్దలు వదలలేదు. ఇమామ్ ముహమ్మద్ ఆ నూనె దాదిదేనన్నారు. అది కూఫా పట్టణ ఆచారాన్నిబట్టి చెప్పిన మాటే అని తరువాతివారు వివరించారు.

నూనె గూర్చి ఇంత శ్రద్ధ చూపినవారు పాస్‌పోర్టు గూర్చి ఏమనేవారు? లాభం ఎవరిదో భారం కూడా వారిదేనన్న సూత్రం ఫిఖ్‌హ్‌లో ప్రసిద్ధమైనది. మదనపల్లె యజమానితో ఫోనులో మాట్లాడినప్పుడు ఆయన ఈ సూత్రాన్నే తిప్పి మాపైకి విసిరారు: “మౌలానా, పాస్‌పోర్టు 10 ఏళ్ళు చెల్లుతుంది. ఆమె రేపు పని మానేసినా అది ఆమె దగ్గరే ఉంటుంది కదా! లాభం ఆమెదే.” మాటలో కొంత న్యాయం లేకపోలేదు. కానీ నాలుగేళ్ళుగా, ఆ మాటకొస్తే నలభై ఆరేళ్ళుగా, ఆమెకు పాస్‌పోర్టుతో అవసరం కలగలేదు. అవసరం వారి పిల్లలది. వీసా, విమాన టికెట్టు వారివే అయినప్పుడు, వాటికి తలుపు తెరిచే తాళంచెవి మాత్రం ఆమెది ఎట్లా అవుతుంది? “ఉమ్రా పుణ్యం ఆమెకు దక్కుతుంది కదా” అని కూడా అన్నారు. ఒంటెలను కిరాయికి తిప్పే ఒకాయన, తన హజ్ హజ్జేనా అని హజ్రత్ ఇబ్నె ఉమర్‌ను సంశయంతో అడిగిన వృత్తాంతం హదీసు గ్రంథాలలో ఉన్నది. కూలి పుచ్చుకోవడం ఆయన హజ్‌ను చెరపలేదు. పుణ్యం అల్లాహ్ వద్దది, దాన్ని జీతం లెక్కలో జమ కట్టే అధికారం యజమానికి లేదు.

పాస్‌పోర్టు సేవా కేంద్రంలో పని అనుకున్నదానికంటే సులువుగానే అయింది. సాధారణ పద్ధతిలో 36 పుటల పాస్‌పోర్టుకు రుసుము 1500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2000. అసలు ఖర్చు మాత్రం అక్కడ లేదు. ఆధార్‌లో పేరుకు ముందు ‘షేక్’ ఉన్నది, మరొక పత్రంలో లేదు. దాన్ని సరిచేయించడానికి అంతకు ముందు రెండుసార్లు తిరిగింది. ఆ తిరుగుళ్ళకు బస్సు చార్జీలు, ఇంటర్నెట్ సెంటరు వానికి ఇచ్చినది, పోయిన కూలి కలిపితే రుసుముకు దగ్గరగానే వచ్చింది. ఈ లెక్క ఎవరూ వేయరు. మా ఇంటివారు బస్సులో వేళ్ళు మడుస్తూ వేశారు.

కడప, చిత్తూరు ప్రాంతాల నుండి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలున్న కుటుంబాలకు మరొక సంగతి తెలుసు: ఖర్చు పెట్టినవారు పాస్‌పోర్టు తమదే అనుకుంటారు, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. కువైట్ 2015లో తెచ్చిన గృహకార్మికుల చట్టం (68వ నంబరు), కార్మికురాలి సమ్మతి లేకుండా ఆమె పాస్‌పోర్టును యజమాని ఉంచుకోరాదని చెప్పింది. మన 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ప్రకారమైతే అది యజమానిదీ కాదు, కార్మికురాలిదీ కాదు, కేంద్ర ప్రభుత్వ ఆస్తి. పట్టుకొని ఉండే హక్కు మాత్రం ఎవరి పేరున ఉన్నదో వారిదే.

తిరుగు ప్రయాణంలో సాయంత్రపు ఎండ కొండల మీద పడుతుండగా మా మనసు మక్కా–మదీనాల నడుమ ఉన్న అబ్వా అనే చోటికి పోయింది. ఆరేళ్ళ బాలుడైన దైవప్రవక్త (స)ను వెంటబెట్టుకొని హజ్రత్ ఆమినా యస్రిబ్‌కు వెళ్ళారు. పిల్లవాణ్ణి చూసుకోవడానికి ఉమ్మె ఐమన్ తోడు వెళ్ళారు. తిరిగి వస్తూ అబ్వా వద్ద తల్లి కన్నుమూశారు. ఆ బిడ్డను ఎడారి దారిన మక్కాకు చేర్చి తాత చేతికి అప్పగించింది ఆ ఆయాయే. తన తల్లి తరువాత తల్లి ఆమేనని ఆయన జీవితాంతం చెప్పుకున్నారు. కుటుంబంతో ప్రయాణించే ఆయాను తలచినప్పుడు ముస్లిం ఇంటికి మొదట గుర్తుకు రావలసింది ఈ ప్రయాణమే అని మా సోదరికి చెప్పాము. ఆమె కిటికీ వైపు తిరిగి చాలాసేపు మాట్లాడలేదు.

యజమాని పాస్‌పోర్టు ఖర్చంతా తానే భరిస్తానని వారం తరువాత కబురు పంపారు. అందుకు అల్లాహ్ ఆయనకు మేలు చేయుగాక. కానీ చిక్కు ఒకటి మిగిలే ఉన్నది. హనఫీ మార్గంలో స్త్రీ ఇంత దూరం మహ్రమ్ లేకుండా ప్రయాణించరాదు. ప్రభుత్వాల నియమాలు మారాయి నిజమే. 45 ఏళ్ళు దాటిన స్త్రీలు మహ్రమ్ లేకుండా బృందంగా హజ్‌కు పోవడానికి 2018 నుండి మన దేశంలో వీలున్నది. 2022లో సౌదీ మంత్రి కూడా మహ్రమ్ అవసరం లేదని ప్రకటించారు. వీసా దొరకడం వేరు, ఆమె మనసు ఒప్పుకోవడం వేరు. బెంగళూరు బేకరీలో పనిచేసే ఆమె కొడుకు తోడుగా వస్తానంటున్నాడు. సొంత హజ్‌కు పోయే స్త్రీ అయితే మహ్రమ్ ఖర్చు ఆమే పెట్టుకోవాలని మన గ్రంథాలు చెబుతాయి. ఇక్కడ ఆమె పోవడం లేదు, తీసుకొని పోబడుతున్నది. కాబట్టి కొడుకు ఖర్చు కూడా తీసుకుపోయేవారిదేనని, అంత శక్తి లేకుంటే ఆమెను ఇంటివద్దనే ఉండనివ్వాలని యజమానికి చెప్పాము. ఆలోచించి చెబుతామన్నారు.

పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో వచ్చింది. పోస్ట్‌మ్యాన్ సంతకం చేయించుకొని ఆమె చేతికే ఇచ్చాడు. మదనపల్లె నుండి, భద్రంగా ఉంటుంది, తెచ్చి ఇవ్వమని ఫోను వచ్చిందట. “మా ఇంట్లోనే ఉంచుకుంటాను బీబీజీ, కావాలన్న రోజు తెస్తాను” అని చెప్పి వచ్చింది. ఇప్పుడది ఆమె ఇంట్లో ఖుర్ఆన్ ఉంచే గూటిలో, కింది అరలో ఉన్నది. మేము కూడా ఆ వేలూరు అమ్మాయి ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నదో విచారిస్తున్నాము. కలికిరి వైపు ఇచ్చారని ఎవరో చెప్పారు.