నంబరు వచ్చిందా?

జూలై 7, ఆదివారం

పొద్దున పదికే మా ఊరు ఫోల్సమ్ మాడిపోతోంది. గరాజ్ తలుపు సగం దించి లోపల కూర్చున్నాను. రేడియో కోయాక్స్ కేబుల్ చివర పాత కనెక్టరు కోసేసి కొత్తది సోల్డర్ చేశాను. జడలా అల్లిన పైతీగలో ఒక్క పోగు లోపలి తీగకి తగిలినా చాలు, రాత్రంతా బూడిదే. మీటరు పెట్టి రెండుసార్లు చూసుకున్నాను.

మా ఆయన తొంగి చూసి, "ఫోన్లు ఉండగా ఇంకా ఇవేంటి?" అన్నారు.

పోటీ జరిగే ఆ లోయలో ఫోన్ ఒక రాయి. చెప్పినా ఎవరూ నమ్మరు, వెళ్లి చూస్తే తప్ప.

టెవిస్ గుర్రపు స్వారీ పోటీకి నన్ను రేడియో ఆపరేటరుగా ఫ్రాన్సిస్కోస్ స్టేషన్‌లో వేశారు. ఎనభై అయిదో మైలు. చీకటి మొత్తం నా వాటా.

జూలై 10, బుధవారం

భోజనాల బల్ల మీద మ్యాప్. ట్రకీ దగ్గర రోబీ పార్క్ నుంచి ఆబర్న్ దాకా, సియెర్రా కొండల మీదుగా నూరు మైళ్లు. తెల్లవారుజామున 5:15కి కదిలితే మర్నాడు 5:15 లోపు చేరాలి. 1955లో వెండెల్ రోబీ మొదలుపెట్టింది ఇంకా నడుస్తోంది. పౌర్ణమికి దగ్గరగా ఉన్న శనివారమే ఎందుకు చూస్తారో మ్యాప్ మీద ఎత్తులు చూపే గీతలు చూస్తే తెలుస్తుంది. లోయల దగ్గర ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి.

రెండు మీటర్ల బ్యాండు చూపు ఆనినంత మేరే. కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. చేతిలోని అయిదు వాట్ల హ్యాండీ మీద ఆశ పెట్టుకోకూడదు. కారులోని యాభై వాట్ల సెట్టు, ఎత్తయిన గడ మీద జె-పోల్ యాంటెన్నా, శిఖరం మీద మాట అందుకుని మళ్లీ పంపే రిపీటరు. యాంటెన్నా, రిపీటరు ఒకదాన్నొకటి చూసుకుంటేనే.

కానీ రేడియోలో నా గొంతు... V కి విక్టర్, W కి విస్కీ అనాలి, రెండూ నా నోట ఒకేలా వస్తాయి. రెండోసారి అడిగించుకుంటే పక్క స్టేషన్ల టైము తినేసినట్టే.

జూలై 13, శనివారం

రేడియో వాళ్ల మీటింగు. రౌతుల పేర్లు గాల్లో చెప్పకూడదు. నంబరు, లోపలికి వచ్చిన టైము, బయటికి వెళ్లిన టైము. పోటీ నుంచి తప్పుకుంటే కారణం: కుంటు, ఒంట్లో నలత, టైము దాటడం, లేదా రైడర్ ఆప్షన్.

ఈ చివరిదాని దగ్గరే ఆగిపోయాను. గుర్రానికి ఏమీ కాలేదు. పశువుల డాక్టరు ఆపమనలేదు. అయినా ఎనభై అయిదు మైళ్లు వచ్చినవాళ్లు, గమ్యం పదిహేను మైళ్లలో ఉండగా, ఇక చాలని దిగిపోతారు. గుర్రం చెవుల్లో ఏం చూస్తారు?

మా హ్యామ్ రేడియో పనికి డబ్బు పుచ్చుకోకూడదని చట్టమే ఉంది. మంచి చట్టం. జీతం ఉంటే ఇలాంటివాళ్లు వచ్చేవాళ్లు కాదేమో.

అన్ని స్టేషన్ల మాటల్నీ నడిపించే నెట్ కంట్రోల్ పెద్దాయన నాతో విడిగా అన్నాడు: "బటన్ నొక్కి ఒక క్షణం ఆగు. రిపీటరు లేవాలి. లేవకముందే మాట్లాడితే మొదటి అంకె పోతుంది." మొదటి అంకె పోతే ఒక గుర్రం ఇంకో గుర్రమైపోతుంది.

జూలై 17, బుధవారం

తొలి ఏకాదశి. అమ్మకి ఫోన్ చేశాను. ఉపవాసం, గొంతు నీరసంగా ఉంది.

"రాత్రంతా అడవిలో ఏం చేస్తావే?"

"ఏ గుర్రం ఎక్కడుందో రాసుకుంటాం అమ్మా. వెనక స్టేషన్‌లో బయల్దేరింది మా దగ్గరికి రాకపోతే వెతికిస్తాం."

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ ఏడు అలాంటిది ఒకటి ఉంటేనా..." అంది. వెంటనే మామిడికాయ పచ్చడి సంగతి ఎత్తుకుంది.

ఆ ఏడంటే 1996. నవంబరు తుపాను. నాన్న కాకినాడ వెళ్లి ఉన్నారు. అమలాపురంలో మేం. తెల్లారేసరికి వీధిలో కొబ్బరిచెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. నాకు గుర్తున్నది గుమ్మం. గుమ్మంలో అమ్మ వీపు. అన్నం కూడా అక్కడే నిలబడి తింది.

జూలై 19, శుక్రవారం

సామాన్లు కారులో. బ్యాటరీ, రెండు పెన్సిళ్లు, అట్ట, ఎర్ర లైటు, పులిహోర. తెల్ల లైటు వద్దన్నారు. చీకట్లో గుర్రానికి మనకంటే బాగా కనిపిస్తుంది. మనం లైటు వేస్తే దాని దారి పోతుంది.

సర్దుతుంటే పాత సంగతి గుర్తొచ్చింది. హైదరాబాదులో ఇంజినీరింగు చదివేటప్పుడు సోమాజిగూడలోని అమెచ్యూర్ రేడియో ఇన్‌స్టిట్యూట్‌కి మొదటిసారి వెళ్లింది హ్యామ్ ఆపరేటరు భారతి గారి గురించి విని. ఆవిడ 2004 డిసెంబరులో అండమాన్ నుంచి దూరదేశాల హ్యామ్‌లతో మాట్లాడటానికి వెళ్లారు. సునామీ వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండిపోయి జనం కబుర్లు అందించారు. ఆ సెట్టు దగ్గర కుర్చీ ఎలా ఉండేదో అని అప్పట్లో ఊహించుకునేదాన్ని.

జూలై 20, శనివారం, సాయంత్రం

డ్రైవర్స్ ఫ్లాట్ రోడ్డు. రోడ్డనడమే గానీ రాళ్లు, మలుపులు, అద్దం నిండా దుమ్ము. కింద అమెరికన్ నది మిడిల్ ఫోర్క్. గడ నిలబెట్టి మూడు వైపులా తాళ్లు కట్టాం. రిపీటరు మొదటి పిలుపుకే లేచింది. హమ్మయ్య.

వెలుతురు ఉండగానే ముందున్న గుర్రాలు వచ్చి వెళ్లిపోయాయి. వాటి గురించి దిగుల్లేదు.

రాత్రి 11 దాటాక

చంద్రుడు ఇప్పుడు గట్టెక్కాడు. అంతవరకూ గుర్రం ముందు మనకి కనబడదు. రాళ్ల మీద లాడాల చప్పుడు, తర్వాత రొమ్ముపట్టీకి కట్టిన పచ్చటి గ్లోస్టిక్కులు ఊగుతూ, ఆ తర్వాత వేడి. గుర్రం పక్కన నిలబడితే పొయ్యి దగ్గర ఉన్నట్టే. చెమట ఎండి డొక్కల మీద ఉప్పు తెల్లగా చారలు కట్టింది. తొట్టిలో మూతి ముంచి తాగుతుంటే గుటకలు మెడ వెంట పైకి పాకుతాయి, ఒక్కోటీ కనిపిస్తుంది. డాక్టరు స్టెతస్కోపు డొక్కకి ఆనించి కళ్లు మూసుకుని వింటుంది. పేగులు కదులుతున్నాయా అని. తర్వాత దుడుకు నడకలో అటూ ఇటూ పరుగెత్తించి కాళ్లు చూస్తారు.

ఇక్కణ్ణించి ముందుకెళ్తే పావర్టీ బార్ దగ్గర నది దాటాలి. పై డ్యామ్ నుంచి వదిలే నీళ్లు ఈ రాత్రికి తగ్గిస్తారు. నీళ్లలో దారి పొడుగునా గ్లోస్టిక్కులు.

నంబర్లు పంపుతున్నాను. ఒక్కరూ రెండోసారి అడగలేదు. ఆ సంగతి ఇప్పుడే గమనించాను.

12:50

ఒక నంబరు రాలేదు. ఇక్కడ రాయను. ఫారెస్ట్‌హిల్ నుంచి బయల్దేరిన టైము ఉంది. దాని వెనక వెళ్లినవాళ్లు వచ్చేశారు. మధ్యలో ఒకామె గుర్రం దిగి నడిపించుకుంటూ కనబడిందని ఒకాయన చెప్పాడు. ఎక్కడ? "చీకట్లో ఎలా చెప్పను."

నెట్ కంట్రోల్‌కి చెప్పాను. పెద్దాయన గొంతులో తొందర లేదు. వెనక వచ్చే డ్రాగ్ రైడర్లకి కబురు వెళ్లింది. అందరూ మైకులు వదిలేశారు. ఈ నిశ్శబ్దానికి మొదట్లో భయపడేదాన్ని, సెట్టు పోయిందేమోనని. ఇప్పుడు తెలుస్తోంది, ఎంతమంది వింటున్నారో.

దారికి ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు.

1:55

వచ్చింది. నడిచే వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. పగ్గం భుజం మీద, గుర్రం తల ఆమె వీపు మీద. ముందు ఎడమ కాలు నేల మీద సరిగ్గా ఆనించడం లేదు. డ్రాగ్ రైడర్లు వెనకే.

ఆమె డాక్టరు వైపు చూడనైనా లేదు, కళ్లెం తీసేసింది. నేను "కుంటు" అని రాశాను. టైము రాశాను. పంపాను.

అప్పుడు నా దగ్గరికి వచ్చి అడిగింది. కూతురు ఆబర్న్‌లో స్టేడియం దగ్గర కూర్చుని ఉందట. చెప్పగలవా?

షీటులో అలాంటి గడి లేదు. చేతిలో పట్టుకుని కాసేపు చూశాను. బటన్ నొక్కి, క్షణం ఆగి, చెప్పాను: ఫలానా నంబరు తాలూకు మనిషి అక్కడ ఉంది, రౌతూ గుర్రమూ క్షేమం, ఫ్రాన్సిస్కోస్‌లో ఆగిపోయారు.

కొన్ని నిమిషాలకి ఆబర్న్ పిలిచింది. కూతురి జవాబు. "ఏమైనా తిన్నదా అని అడుగుతోంది."

తినలేదు. పులిహోర డబ్బా ఇచ్చాను. గుర్రం పక్కనే నిలబడి, వేరుశనగలు ఒక్కోటీ ఏరుకుని తింది. కారమా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. కళ్లలో నీళ్లు మాత్రం ఉన్నాయి. మిరపకాయవో, మరి...

జూలై 21, ఆదివారం, గురుపౌర్ణమి

మధ్యాహ్నం లేచాను. గోళ్లలో దుమ్ము. చెవిలో ఇంకా స్టాటిక్.

అమ్మ ఫోన్. మొదటి మాటే, "అన్నీ వచ్చాయా?"

"అన్నీ తేలాయమ్మా."

కూతురి సంగతి చెప్పాను. తిన్నదా అని అడిగిందని. అమ్మ అప్పుడు చెప్పింది, ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పనిది. ఆ తుపానప్పుడు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి సైకిలు మోసుకుంటూ పడిన చెట్ల మీదుగా వచ్చాడట. కోటిపల్లి రేవు దగ్గర మీ ఆయన్ని చూశానండి, పడవ కోసం ఆగారండి అని చెప్పి వెళ్లిపోయాడట.

"మంచినీళ్లయినా ఇవ్వలేదే. పేరు కూడా అడగలేదు."

నాన్న ఉన్నప్పుడు ఆయన్నెందుకు అడగలేదు ఇదంతా?

జూలై 25, గురువారం

పోటీ పూర్తి చేసి బకిల్ అందుకున్నవాళ్ల ఫొటోలు చూశాను. బాగున్నాయి. వీళ్లకి పండగ చేయాల్సిందే. కానీ ఏటా సగానికి దగ్గరగా మనుషులు దారి మధ్యలో ఆగిపోతారు. వాళ్ల ఇళ్లవాళ్లు ఆ రాత్రి ఎక్కడెక్కడ కూర్చుని ఉంటారు? నంబరు కదలకపోతే వాళ్లకి ఎవరు చెప్తారు? దేవుడి దయవల్ల మంచి మనసున్న ఆపరేటరు తగిలితే సరా? అది పద్ధతి కాదు. పద్ధతి ఉండాలి.

పెద్దాయనకి మెయిలు రాశాను. ఇంటివాళ్లకి కబురు అని షీటులో ఒక గడి కావాలని. నాలుగుసార్లు తిరగరాసి చివరికి చిన్నదే పంపాను.

ఆగస్టు 3, శనివారం

పెద్దాయనే ఫోన్ చేశాడు. ఆలోచన సరైనదే గానీ అర్ధరాత్రి మెయిన్ ఫ్రీక్వెన్సీ మీద కుదరదన్నాడు. అన్ని స్టేషన్ల నంబర్లు ఒకేసారి పడతాయి. ఆ మధ్యలో ఎవరికో గుర్రం మీంచి పడి దెబ్బ తగిలితే? నిజమే. కాదనలేదు.

వేరే ఫ్రీక్వెన్సీ అయితే? వేరే సెట్టు, వేరే యాంటెన్నా, రెండు చివర్లా ఒక్కో మనిషి. గమ్యం దగ్గర ఇంటివాళ్లు వచ్చి అడగడానికి ఒక బల్ల. అరగంట సేపు అదే లెక్క. ఆ లోయ నుంచి రెండో రిపీటరు లేస్తుందో లేదో ముందు వెళ్లి చూడాలి. సెప్టెంబరులో ఎండ తగ్గాక వెళ్దామన్నాడు.

ఆబర్న్ వైపు బల్లకి మనిషి కావాలన్నాడు. నేను కూర్చుంటానన్నాను.