చలికాలమున మోటారుసైకిలు

శీతలదేశములలో మంచు గడ్డకట్టు మాసములందు మోటారుసైకిళ్లను కొట్టములలో దాచి యుంతురు. మన ఓరుగల్లు సీమలో అట్టి యవసరము లేదు. ఇచ్చట పాలవాడు మొదలు ఉపాధ్యాయుని వరకు అందఱును చలిలోనే బండినెక్కి పోవలసినవారు. అయినను మన చలికాలమునకును దాని ధర్మములు గలవు. హసనుపర్తి నుండి హనుమకొండకు పెక్కేండ్లుగా మోటారుసైకిలుపై వచ్చుచున్న నేను గ్రహించిన సంగతులు కొన్ని విద్యార్థులకును తలిదండ్రులకును మనవి చేయుచున్నాను.

మొదట యంత్రము సంగతి. నా బండి కార్బురేటరు గల పాతది. చలికి పెట్రోలు త్వరగా ఆవిరి కాదు. కావున ఉదయమున చోకు లాగి, కిక్కు కొట్టి, యంత్రము కొంచెము వేడెక్కిన పిమ్మట చోకు మూయుదును. టైరులలో గాలియు చూచుకొనవలెను. వాయువు చల్లబడిన పీడనము తగ్గునని భౌతికశాస్త్రమున చదివితిరి గదా! ఉష్ణోగ్రత పది సెంటిగ్రేడు డిగ్రీలు తగ్గిన, టైరులోని గాలి ఇంచుమించు ఒకటిన్నర పౌను తగ్గును.

క్రిస్మసు సెలవులలో ఊరికి పోవునపుడు బండిని ట్యాంకు నిండుగా నింపి నిలుపుదును. ట్యాంకు వెలితిగా నున్న చెమ్మ చేరి లోపల తుప్పు పట్టును. నేటి పెట్రోలులో కలియు ఇథనాలు చెమ్మను పీల్చుకొను గుణము గలది. బ్యాటరీ తీగ విప్పి, నూలుగుడ్డ కప్పి, నడిమి స్టాండుపై నిలుపవలెను. మూసిన గదిలో మాత్రము యంత్రమును నడుపరాదు. అందుండి వెలువడు కార్బను మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణము తీయును.

ఇక దారి సంగతి. కోతల కాలమున రైతులు వడ్లను రోడ్డుపై ఆరబోసి చుట్టును రాళ్లు పెట్టుదురు. పొగమంచులో ఆ రాళ్లు కానరావు. ఏనుమాముల మార్కెట్టునకు పోవు పత్తిబండ్లు ఇరుప్రక్కలకు ఉబ్బి యుండును. పొగమంచులో దీపమును ఎత్తి వేసిన వెలుగు మన కన్నులకే తిరిగి కొట్టును. కావున దించి వేసి, మెల్లగా పోవలెను.

ఒక జనవరి యుదయమున వెనుక దీపము లేని పత్తి ట్రాక్టరొకటి దారి నడుమ నిలిచి యుండెను. నేను మెల్లగా పోవుచుండుటచే నాలుగు బారల దూరమున ఆగగలిగితిని. వెంటనే నా బండిని దాని వెనుకకు కొంత దూరమున ఓరగా నిలిపి, దీపము మిణుకుమనునట్లు చేసితిని. అంతలో ఒక తండ్రి యిద్దఱు బిడ్డలతో వేగముగా వచ్చి, ఆ వెలుగు చూచి ఆగెను. ముందు కూర్చున్న పాపకు టోపీ యైనను లేదు. "బడి గంట కొట్టుదురని తొందరపడితిని, సారూ" అని యాతడు వణకుచు పలికెను. ఆ దినము మేమందఱమును ప్రార్థనకు ఆలస్యముగా చేరితిమి.

నాటి నుండి మంచు దట్టమైన దినమున ఆలస్యముగా వచ్చిన బిడ్డను నేను తరగతి బయట నిలువబెట్టుట లేదు. తలిదండ్రులారా, పావుగంట ఆలస్యమునకు హాజరుపట్టీలో చోటు గలదు. పదునెనిమిదేండ్లు నిండని కుమారునికి తాళపుచెవి ఈయకుడు. 2019లో సవరించిన చట్టము ప్రకారము మైనరు నడిపి నేరము చేసిన, తండ్రికి మూడేండ్ల వరకు జైలును, 25,000 రూపాయల జరిమానాయు కలుగవచ్చును. బాలురారా, మీ వంతు వచ్చువరకు వెనుక కూర్చుండుడు. తండ్రి వేగము పెంచినచో భుజము తట్టి చెప్పుడు.