ఈథరు తీగ

1973వ సంవత్సరమున అమెరికాయందలి జిరాక్సు పరిశోధనాలయమున రాబర్ట్ మెట్కాఫ్ కంప్యూటర్లను కలుపు తన పద్ధతికి ఈథర్నెట్ అని పేరిడెను. వెలుగును మోయునని పూర్వులు భావింపగా, పిమ్మట భౌతికశాస్త్రము త్యజించిన ఈథరే ఆ పేరునకు మూలము. మన ఆకాశమును ఆంగ్లమున ఈథరని అనువదించుట కలదు.

ఆ పేరులోని విశేషము నూతన యంత్రములయందు మక్కువగల యొక గృహస్థునకు తన యింటనే బోధపడెను. అవి మందమైన రాతిగోడలు. ముందుగదిలో వైఫై రౌటరు; వెనుకగదిలో వృద్ధురాలగు తల్లి. రాత్రివేళ ఆమె విదేశమందున్న మనుమనితో ఫోనులో ముఖము చూచుచు మాటాడెడిది. నడుమ బొమ్మ నిలిచిపోయెడిది, మాట తెగెడిది. "వాడికి పనితొందర కాబోలు" అని ఆమె ఊరకుండెడిది.

కుమారుడు వేగమునకాశపడి 5 గిగాహెర్ట్జుల రౌటరు తెచ్చెను. కాని ఆ తరంగములు 2.4 గిగాహెర్ట్జుల తరంగములకంటె గోడలయందు అధికముగా క్షీణించును. తుదకు గోడ తొలిచి ఈథర్నెట్ తీగను లాగి, వెనుకగదిలో వేరొక రౌటరు నమర్చెను.

శబ్దము ఆకాశగుణమని మన తార్కికుల మతము. ఆ యింట ఆకాశము మోయలేని మాటను ఆకాశనామము దాల్చిన రాగితీగ మోసెను.

ఆ రాత్రి మాట తెగలేదు. "ఈవేళ వాడికి తీరిక చిక్కింది" అని తల్లి సంతోషించెను. కుమారుడు తీగ సంగతి చెప్పలేదు.