నాంపల్లిలో ఎక్కితే... నింపాదిగా సర్దుకోవచ్చు!

సాయంత్రం వేళ, నాంపల్లి స్టేషన్. రైలు కదలడానికి ఇంకా టైముంది. స్లీపర్ బోగీలో ఓ ఇల్లాలు సీటు కిందికి వంగి సామాను సర్దుతోంది. 'ఆ పెద్ద పెట్టె గోడవైపు తొయ్యండీ, చెప్పుల సంచి ఇటు లాగండి' అంటూ భర్తకు ఆర్డర్లు. నానమ్మ మాత్రం మందుల డబ్బాను ఒళ్లోంచి దించడం లేదు.

ఈ తీరుబడి సికింద్రాబాద్‌లో దొరకదు. అక్కడ చాలా రైళ్లు కొద్ది నిమిషాలే ఆగుతాయి. నాంపల్లిలో పట్టాలు స్టేషన్‌తోనే ఆఖరు. రికార్డుల్లో పేరు హైదరాబాద్ దక్కన్ అయినా, ఆటోవాలాకు నాంపల్లి అంటేనే తెలుస్తుంది. నిజాం కాలంలో, 1907లో కట్టిన స్టేషన్ ఇది. ఇక్కణ్నుంచే బయల్దేరే బండి ముందుగా వచ్చి నిలబడుతుంది కాబట్టి, పిల్లాపాపలతో వెళ్లేవాళ్లకు హాయి.

విదేశాల్లో వ్యానునే ఇల్లుగా మార్చుకుని తిరిగేవాళ్లు అంగుళం చోటు కూడా వదలరు. మంచం కింద అర, బల్ల కింద పెట్టె! మనవాళ్లకు ఆ విద్య స్లీపర్ బోగీ ఎప్పుడో నేర్పింది. ఒక్కో అరలో సైడు బెర్తులతో కలిపి ఎనిమిది మంది. మనిషికి ఉచితంగా తీసుకెళ్లదగ్గ సామాను 40 కిలోలు. అంటే మొత్తం 320 కిలోలు! పెట్టుకోవడానికి ఉన్నదేమో కింది బెర్తుల అడుగే.

అందుకే దేని చోటు దానిది. పెద్ద పెట్టె అన్నిటికంటే లోపలికి. దానికి సీటు కిందున్న రింగుతో కలిపి గొలుసు, తాళం. రాత్రికి కావాల్సిన దుప్పటి, బ్రష్షులు, టార్చి విడిగా చిన్న సంచిలో. మధ్య బెర్తు రాత్రి పదింటికి వేస్తే మళ్లీ ఉదయం ఆరింటికే దించేది. ఆ మధ్యలో కింద దూరి వెదకడం ఎవరితరం? ఆవకాయ స్టీలు డబ్బా మూతకు పాలిథిన్ కట్టి, పాతగుడ్డ చుట్టి, నిలువుగా పెట్టాలి. బట్టల పెట్టెలో పెట్టారో, పెళ్లిలో పట్టుచీర సంగతి మర్చిపోవడమే! మొజంజాహీ మార్కెట్ కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్లు అన్నిటికన్నా పైన. జనవరిలో నుమాయిష్‌లో కొన్న రజాయిలు కూడా తోడైతే, పై బెర్తు వాళ్లకు తలగడ కరవుండదు.

తిరుగు ప్రయాణంలోనే అసలు తొందర. ఆఖరి స్టేషనే కదా అని సామాను ముందే తలుపు దగ్గరకు చేర్చి నిలబడతారు. 2024 జనవరి 10న చెన్నై నుంచి వచ్చిన చార్మినార్ ఎక్స్‌ప్రెస్ నాంపల్లిలో ఆగాల్సిన చోటు దాటి చివరి గోడను తాకింది. మూడు బోగీలు పట్టాలు తప్పాయి. గాయపడ్డవాళ్లు తలుపుల దగ్గర నిలబడి ఉన్నవాళ్లే. అదృష్టం, స్వల్ప గాయాలతో బయటపడ్డారు.

కూత వినపడింది. ఇల్లాలు చీర దులుపుకుని కిటికీ పక్కన కూలబడింది. 'ఫోను ఛార్జరెక్కడ?' అన్నాడాయన.

గోడవైపు తోసిన ఆ పెద్ద పెట్టెలో!