రెండు పెట్టెల మధ్య ఘంటసాల

పెళ్ళి సంబంధం చూస్తున్నామన్నా ఇంతమంది సలహాలు చెప్పరేమో! పాటలు వినడానికి ఇంట్లోకి ఒక సెట్టు కొంటున్నానని నోరు జారానో లేదో, విజయనగరంలో గంటస్తంభం నుంచి కోట దాకా నాకు తెలిసినవాళ్ళందరూ రాత్రికి రాత్రే సౌండు ఇంజనీర్లయిపోయారు. ఒకాయన టూ-ఇన్-వన్ కొనమంటాడు. ఇంకొకాయన డెక్కు లేని ఇల్లు ఇల్లే కాదంటాడు. మా ఆఫీసు హెడ్ గుమాస్తాగారైతే "ఎందుకోయ్ దండగ, వివిధభారతి ఊరికే వస్తోందిగా!" అని ఒక్కముక్కలో తేల్చేశారు.

ఇది 1983 నాటి సంగతి. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. పాత బకాయిలు కలిపి 2,400 రూపాయలు ఒక్కసారి చేతికొచ్చాయి. అప్పట్లో మా ఇంటికి అది చిన్న మొత్తం కాదు. నాన్న కళ్ళు ఇంటి పెంకుల మీద ఉన్నాయి. వానొస్తే వంటింట్లో మూడు చోట్ల గిన్నెలు పెట్టాల్సి వచ్చేది మరి. తమ్ముడి కళ్ళేమో పాట వస్తుంటే ఎర్రగా పచ్చగా ఎగిరే లైట్ల మీద ఉన్నాయి. ఆ ఏడాదే 'సాగరసంగమం' వచ్చింది. వాడు ఆరుసార్లు చూశాడు, ఏడోసారికి డబ్బుల్లేక హాలు బయట నిలబడి పాటలు విన్నాడు. ఇళయరాజా పాటలన్నీ ఒక కాసెట్టులో రికార్డు చేయించుకోవాలని వాడి ఆశ. ఆ ఆశ నాకూ లేదంటే అబద్ధం.

అమ్మ మాత్రం ఏమీ అడగలేదు. ఆవిడ అడగకపోవడమే నాకు గుచ్చుకుంది. ఎందుకంటే మంచం కింద ఒక ట్రంకు పెట్టె ఉంది. అందులో తాతయ్య కొన్న గ్రామఫోను ప్లేట్లు నలభై దాకా ఉన్నాయి. ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు, 'మల్లీశ్వరి' పాటలు, ఘంటసాల పద్యాలు... గ్రామఫోను స్ప్రింగు ఎప్పుడో తెగిపోయింది. ఆ తర్వాత ఆ పెట్టె మూత దసరాకి దుమ్ము దులపడానికి తప్ప తెరవలేదు.

కుర్రాళ్ళకి ప్లేట్లంటే ఏమిటో చెప్పాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగేవి అవి. పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే మరి కాస్త. చేసింది లక్కతో. మన ఏటికొప్పాక బొమ్మలకి పూసే లక్క లేదూ, ఆ జాతి సరుకే. చెయ్యి జారితే పెంకులాగా పగిలి ఊరుకుంటుంది. ఆ తర్వాత 1948లో అమెరికా వాళ్ళు ఎల్పీ తెచ్చారు. నిమిషానికి ముప్ఫైమూడుంబావు చిల్లర చుట్లు, వైపుకి ఇరవై నిమిషాల పైమాటే. మన దేశంలోనూ 1970 ప్రాంతానికి 78ల పని అయిపోయింది. కొత్త ప్లేయర్లు చాలావాటిలో 78 స్పీడే తీసిపారేశారు. అంటే నేను కొత్త ఫ్యాషన్ సెట్టు కొంటే, అమ్మ పెట్టె ఇంక శాశ్వతంగా మూగదన్నమాట!

మా అమ్మ మహారాజావారి సంగీత కళాశాలలో చదువుకుంది. 1919లో విజయరామ గజపతిగారు పెట్టిన కాలేజీ అది. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. ఘంటసాల మధూకరం ఎత్తుకుని, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర పాఠం నేర్చుకున్నది ఈ ఊళ్ళోనే. సుశీలగారు పుట్టిందీ, సంగీతం చదివిందీ ఇక్కడే. సాలూరు రాజేశ్వరరావుగారిది సాలూరు దగ్గర శివరామపురం. ఇలా చెప్పుకుంటూ పోతే మా జిల్లావాళ్ళకి గొప్పలెక్కువంటారు, వద్దు లెండి! పెళ్ళయ్యాక అమ్మ పాట పూజగదికి పరిమితమైంది. అదీ తలుపు దగ్గరకి వేసుకుని.

సలహాలిచ్చిన వాళ్ళందరిలోకీ నాకు నచ్చినవాడు మా వీధి చివర మైకుసెట్టు బాబాయి. పైడితల్లమ్మ పండగకి సగం ఊరికి పాట వినిపించేది ఆయనే. నేను వెళ్ళి "బాబాయ్, ఎన్ని వాట్లది కొనమంటావు?" అని అడిగాను. ఆయన సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టి నవ్వాడు.

"ఏటి బాబూ, వాట్లు సూసి కొంటావేటి? వాట్లు కరెంటాపీసోడికి. నీకు కావాల్సింది సెవికి. రెట్టింపు వాట్లెడితే రెట్టింపు మోత వస్తాదనుకుంటన్నావా? సిటికెడు పెరుగుతాది, అంతే!"

బాబాయి ఏడో తరగతి దాటలేదు గానీ, చెప్పింది అక్షరాలా నిజం. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్సు. చెవికి రెట్టింపు మోతగా తోచాలంటే దాదాపు పదిరెట్లు వాట్లు కావాలి. మరో నాలుగేళ్ళకి పెట్టెల మీద పీఎంపీఓ అని వందలూ వేలూ వాట్లు అచ్చేసి అమ్మడం మొదలైనప్పుడు నాకు బాబాయి మాటే గుర్తొచ్చి నవ్వొచ్చేది. పట్టించుకోవలసింది ఆర్ఎంఎస్ అనే అంకె ఒక్కటే.

"డబ్బుల్లో ఎక్కువ పాలు స్పీకర్లకెట్టు. యాంప్లీపైరు నాను కట్టీస్తాను. మెషిను మాత్రం మంచిది సూసుకో" అన్నాడు బాబాయి.

లెక్క వేశాం. ముందు నాన్న పెంకులకి 600 తీసి పక్కన పెట్టాను. అదేం త్యాగం కాదు, వాన నీళ్ళు కారే ఇంట్లో యాంప్లిఫయర్ ఎక్కడ పెడతాం చెప్పండి? మిగిలింది 1,800. అందులోనే అన్నీ.

ఒక ఆదివారం అమ్మని, బాబాయిని వెంటబెట్టుకుని పాసింజరెక్కి విశాఖపట్నం వెళ్ళాం. తమ్ముడు మొహం ముడుచుకునే వచ్చాడు. షాపు పేరెందుకు లెండి. అద్దాల వెనక అల్యూమినియం మెరుపుతో ఒక ప్లేయరు ఉంది. దానికి మూడు స్పీడులూ ఉన్నాయి. తమ్ముడి మొహం కూడా వెలిగింది. షాపతను సుశీలగారి ఎల్పీ పెట్టాడు. బ్రహ్మాండంగా ఉందనిపించింది నాకు. అమ్మ కళ్ళు మూసుకుని వింది. పల్లవి అయిందో లేదో కళ్ళు తెరిచి, నా చెవి దగ్గర మెల్లిగా "అరశ్రుతి దిగింది రా" అంది.

షాపతనికి కోపం వచ్చింది. "ఏం మాట్లాడుతున్నారమ్మా, ఇది కంపెనీ సరుకు!" అన్నాడు. అమ్మ సంచీలోంచి పిచ్ పైపు తీసి ఊదింది. రేడియోలో వందసార్లు విని, ఇంట్లో హార్మోనియం పక్కన పెట్టుకుని పాడుకున్న పాట అది. ఆవిడకి అనుమానమే లేదు. బాబాయి ఏమీ వాదించలేదు. చిన్న కాగితం ముక్క చింపి రికార్డు అంచున పెట్టాడు, నా చేతి గడియారం తీసుకున్నాడు. లెక్క సులువు. 33⅓ చొప్పున సరిగ్గా తిరిగితే మూడు నిమిషాలకి నూరు చుట్లు రావాలి. మేం నలుగురం గుడ్లప్పగించి లెక్కపెట్టాం. వచ్చినవి తొంభైనాలుగు!

నూటికి ఆరు తగ్గితే దాదాపు ఒక అరశ్రుతి. గడియారం పట్టుకుని మూడు నిమిషాలు కూర్చుంటే గానీ మాకు తెలియనిది, అమ్మకి ఒక్క పల్లవిలో తెలిసిపోయింది. తమ్ముడు ఆవిడ కేసి అలా చూస్తుండిపోయాడు. పాతికేళ్ళుగా ఇంట్లో చారు కాస్తున్న అమ్మ, షాపు మధ్యలో వేరే మనిషిలా కనిపించింది వాడికి. నాకూను.

ఆ ప్లేయరు వదిలేశాం. వేరే షాపులో, మెరుపు లేకపోయినా కాగితం పరీక్షలో నెగ్గినది 700కి దొరికింది. దానికి ఇంకో సుగుణం ఉంది. సూది దగ్గర చిన్న మీట. ఇటు తిప్పితే ఎల్పీ సూది, అటు తిప్పితే 78 సూది. ఇది చాదస్తం కాదండోయ్. 78 ప్లేటు గాడి ఎల్పీ గాడికన్నా మూడు రెట్లు వెడల్పు. సన్నసూది వేస్తే అది గాడి అడుక్కి పోయి, పాటకన్నా గరగరే ఎక్కువ వినిపిస్తుంది.

స్పీకర్లు విడిగా కొన్నాం. ఎనిమిది అంగుళాలవి రెండు, చిన్న ట్వీటర్లు రెండు. పెట్టెలు మా వీధి వడ్రంగి ప్లైవుడ్డుతో చేశాడు. బాబాయి పక్కనే కూర్చుని ఒక్క సందు లేకుండా వజ్రం పట్టించాడు. గాలి పోయే చోటుంటే పెట్టె 'బుస్సు'మంటుందట. లోపల మా పాత పరుపులో దూది కుక్కాం.

తీగలు కలిపే ముందు బాబాయి చేసిన పని మీరు కూడా గుర్తుంచుకోవాలి. టార్చిలైటు బ్యాటరీ ఒకటి తీసుకుని స్పీకరు తీగలకి క్షణం సేపు ఆనించాడు. కాగితపు కోను ముందుకి ఉబికితే, బ్యాటరీ ప్లస్ ఆనిన తీగకి ఎర్రదారం కట్టాడు. రెండో పెట్టెకీ అంతే. ఒక పెట్టెకి ప్లస్ మైనస్ తారుమారైతే ఒకటి గాలిని తోస్తుంటే ఇంకొకటి లాగుతుంది. మద్దెల మోత మాయమవుతుంది.

ఆ రాత్రి కరెంటు నిలకడగా ఉంది, మా అదృష్టం. అమ్మ ట్రంకు పెట్టె తెరిచి, ఘంటసాల 'పుష్పవిలాపం' ప్లేటు తీసి పమిటచెంగుతో తుడిచింది. సూది తిప్పాం, స్పీడు 78కి మార్చాం. చిన్న గరగర, తర్వాత గొంతు. రెండు పెట్టెలు గోడకి అటొకటి ఇటొకటి ఉన్నాయి. గొంతు మాత్రం వాటిలోంచి రాలేదు! రెంటి మధ్యా, దేవుడి క్యాలెండరు ఉన్న ఖాళీ గోడ దగ్గర్నుంచి వచ్చింది. తమ్ముడు లేచి వెళ్ళి ఆ గోడ తడిమి చూశాడు.

పాత పాటలన్నీ మోనోయే కదా, రెండు స్పీకర్లు ఎందుకని అడిగినవాళ్ళకి నా జవాబు అదే. రెండు పెట్టెలూ ఒకేమాట ఒకేసారి అంటే, చెవులు ఆ మనిషిని మధ్యలో నిలబెడతాయి. ఘంటసాల పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు దాటింది. 1974 ఫిబ్రవరి 11న రేడియోలో ఆ వార్త విని అమ్మ పొయ్యి ముట్టించలేదని నాకు జ్ఞాపకం. ఈ రాత్రి ఆవిడ ఏడవలేదు. ప్లేటు అయ్యాక తలుపు వేయకుండానే, మేమందరం వింటుండగా, ఒక పద్యం ఎత్తుకుంది. మధ్యలో గొంతు పట్టేస్తే ఆగి, దగ్గి, మళ్ళీ అక్కణ్ణుంచే అందుకుంది. కొత్తగా నేయించిన పెంకుల కింద నాన్న పడక్కుర్చీలో అలాగే కూర్చున్నారు.

తమ్ముడి కాసెట్టు డెక్కు 1986లో, వాడి మొదటి జీతంతో వచ్చింది. వాడు మొట్టమొదట ఎక్కించిన పాటలేవో చెప్పక్కర్లేదుగా! ఆ తర్వాత సీడీలొచ్చాయి. ఇప్పుడు ఫోనుకి తీగ తగిలించి ఆ పెట్టెల్లోనే వింటున్నాను. యాంప్లిఫయర్ రెండుసార్లు మారింది. స్పీకరు కోన్లు ఒకసారి మార్పించాను. పెట్టెలవే.

ఇప్పటి కుర్రాళ్ళు అడుగుతుంటారు, పది పదిహేను వేలలో ఏం కొనమంటారని. కంపెనీ పేరు నేను చెప్పను. షాపుకి వెళ్ళేటప్పుడు మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి పట్టుకెళ్ళండి. షాపువాడు వినిపించేది దుమ్ములేచే మోత, అది ఏ పెట్టెలోనైనా బాగానే ఉంటుంది. తగ్గించి వినండి, మాటలు తెలుస్తున్నాయో లేదో చూడండి. ఇంటికి తెచ్చాక మూలలోకి నెట్టకండి, మద్దెల గుయ్యిమని గొంతుని మింగేస్తుంది. ట్వీటరు మీరు కూర్చున్నప్పుడు చెవి ఎత్తులో ఉండాలి. వీలైతే ఇంట్లో పెద్దవాళ్ళని కూడా తీసుకెళ్ళండి.

అమ్మకి డెబ్భై అయిదు దాటాక ఒకరోజు పిలిచి, "ట్వీటరు పోయినట్టుంది, ఫిడేలు మీద మెరుపు లేదేమిట్రా" అంది. పెట్టె విప్పాను. బాబాయి నేర్పినట్టే బ్యాటరీ ఆనించాను. టక్కుమంది. ట్వీటరు బాగానే ఉంది. వయసు మీద పడితే చెవి ముందు పోగొట్టుకునేది ఆ సన్నటి పై స్వరాలనే. మళ్ళీ స్క్రూలు బిగించి, "అవునమ్మా, వదులైంది, సరిచేశాను" అని ట్రెబుల్ బిరడా చివరిదాకా తిప్పాను. పక్క గదిలో మా పిల్లలు చెవులు మూసుకున్నారు. అమ్మ తల ఊపి, "ఆఁ, ఇప్పుడొచ్చింది నాయుడుగారి ఫిడేలు" అంది.