రూట్ కెనాల్ తరువాత తొడుగు ఎందుకు?

“నొప్పి పోయింది కదా డాక్టరుగారూ, ఇంకా పంటికి తొడుగు ఎందుకు?” ఎచ్చెర్లలో నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. నేను దంతవైద్యుణ్ణి కాకపోయినా, కారణం చెప్పగలను.

పంటిలోని డెంటిన్ బరువులో సుమారు 70 శాతం ఖనిజం, 20 శాతం కొల్లాజెన్ ప్రధానమైన సేంద్రియ పదార్థం, మిగిలినది నీరు. ఖనిజం గట్టిదనాన్నిస్తే, కొల్లాజెన్ విరగకుండా కాపాడుతుంది.

ఉద్యోగకాలంలో బావులలో బ్లీచింగ్ పౌడరు కలిపించేవాణ్ణి. పంటి కాలువను కడిగే సోడియం హైపోక్లోరైట్ ఆ జాతిదే. అది క్రిములను చంపి, చచ్చిన కణజాలాన్ని కరిగిస్తుంది; గోడలలోని కొల్లాజెన్‌ను కూడా కొంత హరిస్తుంది. తరువాత వాడే 17 శాతం ఈడీటీఏ కాల్షియంను లాగి, గోడలకు అంటిన పొడిపొరను తొలగిస్తుంది. దానికి సుమారు ఒక నిమిషం చాలు. పది నిమిషాలుంచితే డెంటిన్ కోసుకుపోతుంది.

అయినా కడగడం మానరాదు. క్రిములు మిగిలితే చికిత్స వృథా. పుచ్చు వల్ల, తొలిచినందువల్ల ముందే బలం తగ్గిన పంటిని ఈ మందులు మరికొంత బలహీనపరుస్తాయి. నిలువునా చీలితే చాలాసార్లు తీసివేయక తప్పదు. కనుక దవడపంటికి తొడుగును వాయిదా వేయకండి. అంతవరకు ఆ వైపు చెరకు, తేగలు నమలవద్దని నా మనవి.