తులసివనంలో గంజాయి మొక్క

సామెతలంటే నాకు మహా ఇష్టం. నవల రాస్తున్నప్పుడు ఏ పాత్రకైనా నోట మాట పెగలకపోతే ఓ సామెత అందిస్తాను, మిగతాది ఆ పాత్రే చూసుకుంటుంది. కానీ ఈమధ్య ఒక్క సామెత మీద మాత్రం మనసు విరిగింది. అదే, "తులసివనంలో గంజాయి మొక్క." మర్యాదస్తుల ఇంట్లో ఓ పిల్లవాడు దారి తప్పాడని తెలిస్తే చాలు, పెళ్ళిపందిట్లోనూ కూరగాయల బండి దగ్గరా ఎంత సులువుగా అనేస్తామో! ఆ మాట కన్నతల్లి చెవిన పడితే ఎలా ఉంటుందో మా వీధిలో ఒకావిడ ముఖంలో చూశాను.

మాది ఇబ్రహీంపట్నం. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే దారిలో ఉంటుంది. కుతుబ్‌షాహీ సుల్తాను ఇబ్రహీం పేరు పెట్టుకున్న ఊరు. ఒకప్పుడు పెద్దచెరువు పేరు చెప్తే ఊరు గుర్తుపట్టేవారు. ఇప్పుడు చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల పేర్లు చెప్పాలి. పొద్దున ఎనిమిదింటికి కాలేజీ బస్సులు బయల్దేరాయంటే రోడ్డు దాటడానికి మనకు పుణ్యకాలం గడిచిపోతుంది.

నేను అక్కా అని పిలిచే ఆవిడ కొడుకు ఆ బస్సుల్లో ఒకదాంట్లోనే వెళ్ళి చదువుకున్నాడు. తండ్రి సర్కారు బళ్ళో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పిల్లవాడికి ఇరవైనాలుగేళ్ళు. రెండో ఏడాదిలో స్నేహితుల గదిలో సరదాగా మొదలైన గంజాయి, నాలుగో ఏడాది వచ్చేసరికి పరీక్షల్ని, పలకరింపుల్ని, నిద్రని మింగేసింది. మధ్యాహ్నం దాకా మంచం దిగడు, తలుపు తీయడు, ఎవరి ముఖమూ చూడడు.

"ఎవరో పిల్లను ప్రేమించిండేమో అనుకున్న చెల్లే. అదన్నా అయితే బాగుండు, ఇంట్లోకి కోడలొచ్చేది," అని ఆవిడే నవ్వింది ఓసారి. ఆ నవ్వు నేను ఏ నవలలోనూ రాయలేను.

తర్వాత గ్యాసుబండకని దాచిన డబ్బు పోయింది, ఇత్తడి బిందె పోయింది, ఆవిడ వేలి ఉంగరం పోయింది. మాస్టారు చెరువుకట్ట మీదికి షికారు వెళ్ళడం మానేశారు. కట్ట మీద పాత శిష్యులు కనిపించి, "సార్, అబ్బాయి ఏం చేస్తున్నడు?" అని అడుగుతారు కదా!

సలహాలకు మన దేశంలో కరువేముంది? ఒకరు తన్నమన్నారు. ఒకరు మొక్కుకోమన్నారు. ఇంకొకరు, "పెళ్ళి చేసెయ్యండి, దారికొస్తాడు," అన్నారు. ఆడపిల్లను మందుబిళ్ళలా వాడే ఈ వైద్యం మనలో ఇంకా చావలేదు సుమండీ. ఆ మాటకి అక్క ఒక్కటే జవాబు చెప్పింది: "నా బిడ్డను గట్లాంటోనికి ఇస్తనా? మరి ఇంకొకరి బిడ్డను ఎట్ల తెస్త?" ఆవిడ కూతురికి అప్పుడు సంబంధాలు చూస్తున్నారు. అన్నగారి సంగతి తెలిసి రెండు సంబంధాలు వెనక్కిపోయాయి కూడాను. అయినా ఆ మాట అన్నది.

ఇది వాళ్ళింటి ఒక్కరి ఖర్మ అనుకోకండి. కేంద్ర ప్రభుత్వం తరఫున ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చేసిన సర్వే 2019లో వెలువడింది. దాని లెక్క ప్రకారం దేశంలో గంజాయి, భంగు వంటివి వాడేవారు సుమారు 3 కోట్ల 10 లక్షల మంది. వారిలో 72 లక్షల మందికి వైద్యుల సాయం కావాలి. అంటే ఎన్ని ఇళ్ళలో తల్లులు ఉంగరాలు వెతుక్కుంటున్నారో ఆలోచించండి.

"సాధువులు తాగరా? ఆకే కదా!" అంటారు కొందరు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానితే నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఊరికే చిర్రుబుర్రులాడతాడు. మొదటి వారం మరీ కష్టం. రెండు మూడు వారాలకు నెమ్మదిస్తుంది. ఆ రోజుల్లో వాడు అరిచే అరుపులు తల్లి మీద ద్వేషం కాదు, జబ్బు లక్షణాలు. కొన్ని మత్తులు ఉన్నట్టుండి మానడం ప్రమాదం కూడా. 2015లో మన తెలంగాణలో కల్తీకల్లు మీద దాడులు జరిగి సరుకు దొరక్కపోయేసరికి ఎంతోమంది ఫిట్సుతో, మతి తప్పిన మాటలతో ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కల్లులో కలిపే ఆల్ప్రజోలం వంటి మత్తుబిళ్ళలు ఒంటికి అలవాటైతే డాక్టరు చేతిమీదుగా మెల్లగా తగ్గించాలే తప్ప గదిలో పెట్టి గొళ్ళెం వేస్తే కుదరదు.

గొళ్ళెం అంటే గుర్తొచ్చింది. ఎవరో చెబితే అక్కా మాస్టారూ ఒక ప్రైవేటు కేంద్రం చూసి వచ్చారు. కిటికీలకు ఇనుపజాలీ, లోపల ఒక కుర్రాడి కాలికి గొలుసు. చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి వచ్చేశారు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం మత్తువల్ల వచ్చే మనోవ్యాధుల్ని కూడా జబ్బులుగానే గుర్తిస్తుంది, రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధిస్తుంది. ఈ సంగతి మనలో ఎందరికి తెలుసు?

పోలీసులంటే భయం మరొకటి. ఆసుపత్రికి తీసుకువెళ్తే కేసు పెడతారేమోనని ఎన్ని ఇళ్ళలో దాస్తున్నారో! 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి తాగినందుకు ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నిజమే. కానీ అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. మత్తుకు బానిసైనవాడు తాగిన నేరం మీదో, కొద్దిపాటి సరుకుతోనో దొరికినా, తనంతట తాను ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రిలో వైద్యానికి ఒప్పుకుని దాన్ని పూర్తిచేస్తే శిక్ష నుంచి రక్షణ ఉంది. అమ్మేవాణ్ణీ అలవాటు పడ్డవాణ్ణీ చట్టం వేరుగా చూస్తోంది. చూడనిది మనమే.

అసలు చిక్కల్లా వాణ్ణి డాక్టరు దాకా నడిపించడంలో ఉంది. 1999లో అమెరికాలో ఒక పరీక్ష చేశారు. అది తాగుడు గురించి. వైద్యానికి ససేమిరా అనేవాళ్ళ ఇంటివారు 130 మందిని మూడు జట్లు చేశారు. "నీ సంగతి నువ్వు చూసుకో, వాణ్ణి వదిలెయ్" అని నేర్పిన జట్టులో నూటికి 13 మంది తమవాళ్ళను వైద్యానికి తేగలిగారు. అందరూ చుట్టూ చేరి నిలదీయమన్న జట్టులో 30 మంది. మూడో జట్టుకు నేర్పింది వేరు: మత్తులో ఉన్నప్పుడు వాదించవద్దు, తేటగా ఉన్నప్పుడు ప్రేమగా ఉండండి, వాడు చేసిన పని ఫలితం వాణ్ణే అనుభవించనివ్వండి, మీ తిండీ నిద్రా మానకండి, వాడు "సరే" అన్న రోజుకి అన్నీ సిద్ధంగా ఉంచండి. ఆ జట్టులో నూటికి 64 మంది!

అక్కకి అమెరికా సంగతులు తెలియవు. కానీ ఆవిడ చేసింది అచ్చంగా అదే. చేతికి డబ్బివ్వడం మానేసింది, కంచంలో అన్నం మానలేదు. వాడు చేసిన అప్పు తీర్చనంది. వాడు తేటగా లేచిన పొద్దున సర్వపిండి చేసి పక్కన కూర్చునేది, ఉపదేశం మాత్రం లేదు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఓపీ వేళలు రాసిన చీటీ మాత్రం పోపులడబ్బాలో పెట్టుకుంది. ఒకనాడు వాడే వచ్చి, "నిద్ర పడతలేదమ్మా, ఏదో అయితున్నది," అన్నాడు. "నేను ముందే చెప్పిన గదరా" అని ఏ తల్లయినా అంటుంది. ఆవిడ అనలేదు. పోపులడబ్బా మూత తీసింది.

ఇది జరిగి ఎనిమిది నెలలు. మధ్యలో దసరాకి ఒకసారి జారాడు. జారడం ఈ జబ్బులో మామూలేననీ, అంతవరకూ నిలిచిన రోజులు సున్నా అయిపోవనీ డాక్టరు చెప్పారట. ఇంకా పరీక్షలు మిగిలే ఉన్నాయి, చెల్లి పెళ్ళీ మిగిలే ఉంది. మాస్టారు మాత్రం మళ్ళీ చెరువుకట్ట ఎక్కుతున్నారు. మొన్న ఎవరో అడగనే అడిగారు, అబ్బాయి ఏం చేస్తున్నాడని. "మందులు వాడుతున్నడు," అన్నారట ఆయన, జ్వరం వచ్చిన పిల్లవాడి గురించి చెప్పినంత మామూలుగా.

గంజాయి మొక్క గంజాయి మొక్కగానే పుడుతుంది. పిల్లవాడు అలా పుట్టడు. అందుకే ఆ సామెత తప్పంటాను. మీ ఎరికలో ఇలాంటి ఇల్లుంటే, 14446 అనే ఉచిత ఫోను నెంబరు ఈ అలవాట్లు మాన్పించడానికి సాయపడేందుకే ఉందని చెప్పండి. మనసు బాగోలేని తల్లిదండ్రుల కోసం 14416 ఉంది.

ఇంకొక్క మాట. పక్కింటి కుర్రాడికి కాలు విరిగితే హార్లిక్స్ సీసా పట్టుకుని పలకరించి వస్తాం. ఇలాంటి ఇంటి ముందు మాత్రం తల వంచుకుని గబగబా దాటిపోతాం. అదీ జబ్బే కదా! ఓసారి ఆ గడప తొక్కండి. ఏమీ అడగక్కర్లేదు. సీసా తీసుకెళ్ళడం మరిచిపోకండి.